పండుగల బీరువా: ఒక కాలేజీ లైబ్రరీ ప్రాజెక్టు డైరీ

2025 జూలై, మూడో వారం

ఈ ఏడాది లైబ్రరీ తరఫున ఏం చేస్తారో ఒక పేజీలో రాసివ్వమని ప్రిన్సిపల్ మేడం అడిగారు. మామూలుగా అయితే రాయడానికి పెద్దగా ఏమీ ఉండదు. ఏ దినోత్సవం వస్తే దానికో ఫ్లెక్సీ, ఫొటోకి దండ, నలుగురి ప్రసంగాలు, చాయ్ బిస్కెట్లు, గ్రూపులో ఫొటోలు. మర్నాడు ఫ్లెక్సీ చుట్ట చుట్టి బీరువా మీదికి. ఆ వారం ఇష్యూ రిజిస్టర్ తిరగేస్తే ఒక్క పుస్తకం కూడా అదనంగా బయటికి పోయి ఉండదు.

అందుకని ఈసారి ఇలా రాసిచ్చాను. రీడింగ్ హాల్లో గుమ్మానికి ఎదురుగా ఉన్న అద్దాల బీరువాను ఖాళీ చేసి పండుగలకు ఇచ్చేద్దాం. ఏ కాలంలో ఏ పండుగ, ఏ దినోత్సవం వస్తే దానికి సంబంధించిన పుస్తకాలు, పేపర్ కత్తిరింపులు, పాటలు అందులోకి వస్తాయి. షరతు ఒకటే. లోపల పెట్టే ప్రతి వస్తువు పక్కన ఒక కాల్ నంబర్, అంటే పుస్తకం ఏ ర్యాకులో ఉందో చెప్పే నంబర్, ఉండాలి. ఏ పుస్తకం దగ్గరికీ తీసుకెళ్లని వస్తువుకు అందులో చోటు లేదు.

మాది హనుమకొండకు బస్సులో గంట దూరంలో ఉన్న ఆడపిల్లల డిగ్రీ కాలేజీ. పిల్లల్లో ఎక్కువమంది చుట్టుపక్కల ఊళ్ల నుంచి బస్‌పాస్ మీద వచ్చేవాళ్లే. సాయంత్రం బస్సు వెళ్లిందంటే లైబ్రరీ ఖాళీ. ఏ ఆటైనా లంచ్ బ్రేక్‌లో అయిపోవాలి.

జూలై చివర

పుస్తకాలు ఏరడం మొదలైంది. పండుగ ఒక్క ర్యాకులో దొరకదు. పుస్తకాలను విషయాన్ని బట్టి నంబర్లతో పేర్చే డ్యూయీ వర్గీకరణలో పండుగలకు 394.26 అనే నంబర్ ఉంది. మా దగ్గర ఆ నంబర్ కింద ఉన్నవి నాలుగైదు సన్న పుస్తకాలు, అవీ ఎక్కువ ఇంగ్లిష్‌వే. పూజలు, వ్రతాలు 294.5లో ఉన్నాయి. జానపద కథలు, పాటలు 398లో. తిథులు, క్యాలెండర్లు 529లో, అంటే ఖగోళశాస్త్రం పక్కన. పువ్వులు 580ల్లో, బాటనీ వాళ్ల దగ్గర. సకినాలు, సత్తుపిండి 641.5లో. కాగితప్పూలు 745లో, అల్లికలు 746లో. బతుకమ్మ పాటల మీద విమర్శ వ్యాసాలేమో 894.827లో, తెలుగు సాహిత్యం మధ్య. ఇంట్లో ఒకే పొద్దున, ఒకే వాకిట్లో జరిగే పనిని మేం ఇన్ని ర్యాకుల్లోకి పంచిపెట్టుకున్నాం.

తీసిన ప్రతి పుస్తకం చోట అట్టతో చేసిన డమ్మీ పెట్టాం, దాని మీద "పండుగల బీరువాలో ఉంది" అని రాసి. లైబ్రరీ కేటలాగు ఉండే కోహా సాఫ్ట్‌వేర్‌లో కూడా లొకేషన్ మార్చాను. ఇది చేయకపోతే పరీక్షల ముందు బాటనీ పిల్లలు వచ్చి పుస్తకం లేదని గొడవ పెడతారు.

మా అటెండర్ అక్క అడిగిన మొదటి ప్రశ్న: "తాళం ఎవరి దగ్గర ఉండాలె మేడం?" స్టాక్ వెరిఫికేషన్‌లో తేలని పుస్తకానికి జవాబు చెప్పాల్సింది మేమే కాబట్టి ఆ భయం ఆమెకూ ఉంది, నాకూ ఉంది. అయినా తాళం వద్దనుకున్నాం. అద్దం వెనక తాళం వేసిన పుస్తకాన్ని పిల్లలు చూసి వెళ్లిపోతారు, ముట్టుకోరు.

ఆగస్టు 12

జాతీయ లైబ్రేరియన్ల దినోత్సవం, అంటే ఎస్.ఆర్. రంగనాథన్ జయంతి. ఆయన 1892లో పుట్టారు. 1931లో వచ్చిన ఆయన గ్రంథాలయ పంచసూత్రాల్లో మొదటిది "పుస్తకాలు ఉపయోగించడానికే". ఆ చార్టు ప్రతి లైబ్రరీలోనూ గోడకు ఉంటుంది, మాకూ ఉంది. ఈ రోజు ఆ చార్టు కిందే తాళం లేని బీరువా తెరిచాం. ప్రసంగాలు లేవు.

బీరువా తలుపుకు ఒక దారం కట్టి, రోజూ ఒక ప్రశ్న చీటీ వేలాడదీస్తున్నాం. జవాబు ఏ ర్యాకులో దొరుకుతుందో కాల్ నంబర్ మాత్రం ఇస్తాం. పుస్తకం వెతికి, జవాబు, పేజీ నంబర్ రాసి డబ్బాలో వేయాలి. పేజీ నంబర్ లేని జవాబు చెల్లదు. ఫోన్‌లో చూసి రాసేవాళ్లకు అక్కడే అడ్డుకట్ట. బహుమతి పెన్ను, కప్పు లాంటివి కావు. దసరా సెలవులకు ఒక పుస్తకం అదనంగా తీసుకెళ్లొచ్చు. పిల్లలకు ఇది కప్పు కంటే ఎక్కువ నచ్చింది.

ఆగస్టు 29, సెప్టెంబర్ 9

రెండు భాషా దినోత్సవాల మధ్య పట్టుమని రెండు వారాలు లేవు. 1863 ఆగస్టు 29న పుట్టిన గిడుగు రామమూర్తి పేరు మీద తెలుగు భాషా దినోత్సవం. 1914 సెప్టెంబర్ 9న పుట్టిన కాళోజీ పేరు మీద తెలంగాణ భాషా దినోత్సవం. ఒకాయన శ్రీకాకుళం వైపు నుంచి, ఇంకొకాయన మా ఓరుగల్లు నుంచి, ఇద్దరూ కొట్లాడింది జనం మాట్లాడే మాట కోసమే. కాబట్టి ఇద్దరినీ ఒకే అరలో పక్కపక్కన పెట్టాను.

ఆ అర ముందు నిలబడే బతుకమ్మ పాటల సంగతి తేల్చుకున్నాం. సెకండియర్ బీఏ పిల్లలు కొందరు పాటలు సేకరిస్తామని ముందుకొచ్చారు. ఎలా రాయాలన్నది ప్రశ్న. "వచ్చినాడు" అని దిద్దాలా, "అచ్చిండు" అని ఉంచాలా? పాడినావిడ ఎలా పాడితే అలాగే రాయాలని తీర్మానం. దిద్దే పని మనది కాదు.

సెప్టెంబర్ రెండో వారం: పువ్వులు

బతుకమ్మ అరకు అందరికంటే ముందు బాటనీ మేడం కదిలారు. తంగేడు, గునుగు, సీతజడ, బంతి, చామంతి, గుమ్మడి, తామర, కట్ల. పిల్లలు తెచ్చినవాటిని పాత న్యూస్‌పేపర్ల మధ్య పెట్టి, పైన బైండ్ చేసిన గెజిటీర్ల బరువు వేసి ఆరబెట్టాం. ఏళ్లుగా ఎవరూ తెరవని ఆ గెజిటీర్లు ఇన్నాళ్లకు ఇలా పనికొచ్చాయి.

తంగేడు దగ్గర మంచి చిక్కు వచ్చింది. మా దగ్గరున్న పాత వృక్షశాస్త్రం పుస్తకంలో దాని పేరు కేసియా ఆరిక్యులేటా. కొత్త పుస్తకంలో సెన్నా ఆరిక్యులేటా. ఒకమ్మాయి రెండూ వేర్వేరు మొక్కలనుకుని రెండు షీట్లు చేసింది. శాస్త్రవేత్తలు దాన్ని కేసియా ప్రజాతి నుంచి సెన్నాలోకి మార్చారని బాటనీ మేడం చెప్పాక, ఆ రెండు పుస్తకాలనూ ఆ పేజీల దగ్గరే తెరిచి బీరువాలో పెట్టాం. తంగేడు తెలంగాణ రాష్ట్ర పుష్పం అని అందరికీ తెలుసు. దాని బెరడును తోళ్లు పదును చేయడానికి వాడేవారన్నది ఎక్కువమందికి కొత్త.

గునుగు, సీతజడ ఒకే ప్రజాతి, సిలోసియా. గునుగు చేలల్లో కలుపుగా వస్తుంది. "ఇప్పుడు పత్తి చేన్లల్ల మందు కొడుతున్నరు మేడం, గునుగు దొరుకుతలేదు, అంగట్ల కొంటున్నం" అంది ఒకమ్మాయి. ఆ మాటను అలాగే చీటీ మీద రాసి షీటు కింద అంటించాను.

అందరికంటే ఎక్కువ గొడవ బంతి మీద. బంతి మెక్సికో వైపు నుంచి వచ్చిన పువ్వు. గుమ్మడి కూడా అమెరికా ఖండాల మొక్కే. "బంతి లేని బతుకమ్మ ఉంటదా?" అని పిల్లలు ఒప్పుకోలేదు. ఒప్పుకోనివాళ్లు 580ల ర్యాకుకు వెళ్లి పేజీ నంబర్‌తో రావాలన్నాం. వెళ్లారు, మొహాలు వేలాడేసుకుని వచ్చారు. ఆ వారం బాటనీ ర్యాకు దగ్గర బీకాం పిల్లలు కనిపించారు. ఇంతకు ముందు ఎప్పుడూ చూడని దృశ్యం.

సెప్టెంబర్ 19

సెలవుల ముందే కాలేజీలో బతుకమ్మ. అసలు ఎంగిలిపూల బతుకమ్మ భాద్రపద అమావాస్య నాడు, అంటే ఈసారి 21న. కాలేజీల్లో ఎప్పుడూ ఇంతే, క్యాలెండర్ కంటే ముందు పండుగ చేసేస్తాం.

ఆవరణలో ఆట అయ్యాక లైబ్రరీలో ఇంకో ఆట పెట్టాం. తొమ్మిది రోజుల పేర్లు విడివిడి అట్టల మీద: ఎంగిలిపూలు, అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు, అలిగిన, వేపకాయలు, వెన్నముద్దలు, సద్దులు. వాటిని వరసలో పేర్చి, ప్రతి రోజుకూ నైవేద్యం అట్ట జోడించాలి. ఆరో రోజు అలిగిన బతుకమ్మ, ఆ రోజు నైవేద్యం ఉండదు, ఆట ఉండదు. ఆ ఖాళీ అట్ట ఎవరికి వస్తే వాళ్లు "నాకు తక్కువొచ్చింది మేడం" అని ఫిర్యాదు చేస్తారని తెలిసే పెట్టాను. చేశారు కూడా.

ఈసారి దసరా అక్టోబర్ 2న, గాంధీ జయంతి రోజే. కాబట్టి బీరువాలో కింది అర గాంధీ పుస్తకాలకు ఇచ్చాం. గాంధీ జయంతికి మాంసం దుకాణాలు మూస్తారు కదా, "దసరా నాడు ముక్క లేకుండ ఎట్ల మేడం?" అని ఒకమ్మాయి అడిగితే హాలంతా నవ్వు. దానికి మాత్రం ఏ ర్యాకులోనూ జవాబు లేదు.

అక్టోబర్, సెలవుల తర్వాత: పాటలు

అసలు పని ఇక్కడ మొదలైంది. సెలవులకు వెళ్లేటప్పుడు పాటల సేకరణకు చీటీలు ఇచ్చి పంపాను. అందులో గడులు: పాడినవారి ఊరు, వయసు, ఆ పాట ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏ రోజు పాడతారు, రికార్డు చేయడానికి ఒప్పుకున్నారా, పేరు రాయమన్నారా వద్దన్నారా. చివరి గడి గురించి పిల్లలు మొదట్లో విసుక్కున్నారు. తీరా అడిగితే కొందరు అమ్మమ్మలు పేరు తప్పకుండా రాయమన్నారు, ఇంకొందరు "నా పేరెందుకు బిడ్డా, పాట రాస్కో" అన్నారు. వద్దన్నవాళ్ల పాట దగ్గర ఊరి పేరు మాత్రమే ఉంటుంది.

రికార్డింగులు ఫోన్ల నుంచి కాపీ చేసి హార్డ్‌డిస్క్‌లో వేశాం, ఇంకో కాపీ ఆఫీసు కంప్యూటర్‌లో. వాట్సాప్‌లో మామూలు ఆడియోగా పంపితే నాణ్యత తగ్గే అవకాశం ఉంది కాబట్టి కేబుల్ పెట్టి తీసుకోవడమే మేలు. ఒక పాటలో వెనక కుక్కర్ విజిల్ వినిపిస్తుంది. ఉంచేశాం.

పుస్తకాల్లో ఏముందో కూడా పిల్లలకు చూపించాలి కదా. ఎన్‌-లిస్ట్‌లో (కాలేజీలకు ఈ-బుక్స్ అందించే జాతీయ సర్వీసు) మాకు ఇంగ్లిష్ ఈ-బుక్స్, జర్నల్స్ దండిగా ఉన్నాయి, తెలుగు పాటల విషయంలో అది పెద్దగా పనికిరాలేదు. శోధ్‌గంగలో జానపద సాహిత్యం మీద విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలు (పీహెచ్‌డీ థీసిస్‌లు) దొరికాయి. బిరుదురాజు రామరాజు ఉస్మానియాలో జానపద గేయాల మీద చేసిన పని తర్వాత వచ్చిన వరస అది. ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో పాత తెలుగు పుస్తకాల స్కాన్లు బోలెడు ఉన్నాయి. కాకపోతే పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వాళ్లు కొట్టారు. అచ్చులు మార్చి మార్చి వెతకాలి. ఈ చిట్కా ఒక కాగితం మీద రాసి కంప్యూటర్ల పక్కన అంటించాను, పండుగతో సంబంధం లేకుండా రోజూ పనికొస్తోంది.

నవంబర్

పాటలకు సూచిక తయారు చేద్దామంటే ముందుకు సాగలేదు. పద్యాలకైతే మొదటి పాదం పట్టుకుని అకారాదిగా పేర్చేస్తాం. బతుకమ్మ పాటల్లో మొదటి పాదం చాలావాటికి దగ్గరదగ్గరగా ఒకటే. ఉయ్యాలో, చందమామ, కోల్ అనే పల్లవులు పెట్టి పేరిస్తే మొత్తం పాటలు రెండు మూడు అక్షరాల కింద కుప్పపడుతున్నాయి.

తెలుగు మేడంతో కూర్చుని పద్ధతి మార్చాం. ప్రతి పాటకు నాలుగు దారులు: కథ ఎవరిది, పల్లవి ఏది, ఏ రోజు పాడతారు, ఏ ఊరు. కథ అన్నదే అన్నిటికంటే బాగా పనిచేసింది. సీత కథలు, గౌరి కథలు, అత్తాకోడళ్లవి, పుట్టింటివి. ధర్మాంగదుడు అనే రాజు, సత్యవతి, వాళ్లకు బిడ్డగా పుట్టిన బతుకమ్మ కథ చాలా ఊళ్ల నుంచి వచ్చింది, ప్రతిచోటా కొంచెం కొంచెం వేరుగా. మొదట "ఏది కరెక్టు మేడం?" అని అడిగారు. ఇప్పుడు రెండు చీటీలు పక్కపక్కన పెట్టుకుని తేడాలకు గీతలు గీస్తున్నారు. నా లెక్కలో ఈ ఏడాది జరిగిన అసలైన చదువు అదే.

ఇంకో పాఠం టైపింగ్ దగ్గర. కొన్ని పాటలు బయట డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్‌లో కొట్టించుకొచ్చారు. ప్రింటు చక్కగా ఉంది, కానీ ఆ ఫాంట్ అక్షరాలను కంప్యూటర్ తెలుగుగా గుర్తుపట్టదు కాబట్టి కోహాలో వెతికితే ఒక్క మాట దొరకదు. యూనికోడ్‌లో మళ్లీ కొట్టించాం. వెతికేవాళ్లు బతుకమ్మ, బతకమ్మ, బ్రతుకమ్మ అని మూడు రకాలుగా కొడతారు కాబట్టి రికార్డులో మూడూ ఇచ్చాం.

14 నుంచి 20 వరకు జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు. 1901లో హైదరాబాద్‌లో పెట్టిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, 1904లో హనుమకొండలో పెట్టిన రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం, 1914లో బెజవాడలో ఏర్పడిన ఆంధ్రదేశ గ్రంథ భాండాగార సంఘం, గ్రంథాలయోద్యమ నాయకుడు అయ్యంకి వెంకటరమణయ్య. ఈ వివరాలతో క్విజ్ పెట్టాం. పుస్తకాన్ని న్యూస్‌పేపర్‌లో చుట్టి, పైన మూడు క్లూలు రాసి, విప్పకుండా ఇష్యూ చేయించుకునే ఆట కూడా. మంగళవారానికే చుట్టినవన్నీ అయిపోయాయి.

జనవరి

సంక్రాంతికి ఏం పెట్టాలో వెతుకుతుంటే మంచి ముడి దొరికింది. జనవరి 12 జాతీయ యువజన దినోత్సవం, వివేకానంద జయంతి. ఎన్ఎస్ఎస్ వాళ్లు ఏటా చేస్తారు. ఆయన పుట్టిన 1863 జనవరి 12 మకర సంక్రాంతి రోజు. మరి ఇప్పుడు సంక్రాంతి 14నో 15నో ఎందుకు వస్తోంది? బీరువా మీద పెద్ద అక్షరాలతో ఇదొక్కటే ప్రశ్న పెట్టాం.

జవాబు 529 దగ్గర మొదలై పక్కనున్న ఖగోళశాస్త్రం పుస్తకాల్లో తేలింది. నక్షత్రాలను బట్టి లెక్కించే సంవత్సరం, రుతువులను బట్టి లెక్కించే సంవత్సరం కంటే దాదాపు 20 నిమిషాలు ఎక్కువ. సంక్రాంతి నక్షత్రాల లెక్క, గోడ మీది క్యాలెండర్ రుతువుల లెక్క. ఆ 20 నిమిషాలు పోగై 70 ఏళ్లకు పైచిలుకుకు ఒక రోజు అవుతుంది. సూర్యుడు నిజంగా ఉత్తరానికి తిరగడం డిసెంబర్ 21, 22 నాటికే మొదలవుతుందని ఫిజిక్స్ మేడం గ్లోబు, టార్చిలైటు తెచ్చి చూపించారు. 1952లో మేఘనాద్ సాహా అధ్యక్షతన క్యాలెండర్ సంస్కరణ సంఘం వేసి, 1957 మార్చి 22 నుంచి జాతీయ శక క్యాలెండర్ అమల్లోకి తెచ్చింది ఇలాంటి చిక్కుల వల్లే. ఆ క్యాలెండర్ తేదీ ఈ రోజు ఎంతో చెప్పగలిగినవాళ్లు మా స్టాఫ్‌లో కూడా ఎవరూ లేరు, నాతో సహా.

ముగ్గుల పోటీ ఎలాగూ ఉంటుంది. ఈసారి కంప్యూటర్స్ పిల్లలను అందులోకి లాగాను. 1970ల్లో మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్ శిరోమణి, ఆయన తోటి పరిశోధకులు మెలికల ముగ్గులకు గణితపు వ్యాకరణం కట్టారు. చిన్న గుర్తులు కొన్ని, వాటిని మళ్లీ మళ్లీ మార్చే సూత్రాలు కొన్ని, వాటితో ఎంత పెద్ద ముగ్గైనా పుట్టించవచ్చు. ఒక బీఎస్సీ అమ్మాయి పైథాన్‌లో చుక్కల ముగ్గు వేయించి ప్రింటు తీసింది. ఆఫీసు ఊడ్చే పెద్దమ్మ దాన్ని చూసి, "ఈ మూలకు గీత కలువలేదు బిడ్డా" అంది. చూస్తే నిజమే. లూప్‌లో ఒకటి తక్కువ ఉంది.

28 నుంచి 31 వరకు మేడారం. రెండేళ్లకోసారి వచ్చే సమ్మక్క సారలమ్మ జాతర, క్లాసులన్నీ ఖాళీ. ఆ నాలుగు రోజులూ పేపర్ కత్తిరింపుల ఫైలు కట్టుకున్నాం, 2028కి పనికొస్తుంది.

మార్చి

నిరుడు ఉగాది మార్చి 30న, మర్నాడే రంజాన్ పండుగ. ఈసారి ఉగాది 19న, రంజాన్ కూడా అదే వారంలో. రెండూ కలిసి పది పదకొండు రోజులు వెనక్కి జరిగాయి. చంద్రుని లెక్కలో పన్నెండు నెలలకు 354 రోజులే కాబట్టి. అయితే ఈ జోడీ వచ్చే ఏడు ఉండదు. మన పంచాంగంలో ఈ ఏడు అధిక జ్యేష్ఠం, అంటే ఒక నెల అదనంగా, వస్తోంది, దాంతో 2027లో ఉగాది ఏప్రిల్‌లోకి వెళ్తుంది. హిజ్రీలో అధిక మాసం లేదు, రంజాన్ ఇంకా వెనక్కే పోతుంది. ఉర్దూ మేడం హిజ్రీ క్యాలెండర్, నేను పరాభవ నామ సంవత్సర పంచాంగం పెట్టుకుని కూర్చుని పొడవాటి చార్టు గీశాం. ఒక గీత అధిక మాసం దగ్గర గెంతుతుంది, రెండోది గెంతదు. ఈ ఏడాది బీరువాలో పెట్టినవాటిలో నాకు బాగా నచ్చింది ఇదే. పిల్లలు దాని ముందు నిలబడి వాళ్ల వాళ్ల పుట్టినరోజు తిథులు వెతుక్కుంటున్నారు.

పంచాంగం కొన్న బిల్లు ఆఫీసులో ఆగింది. పుస్తకమా, పత్రికా అని క్లర్క్ గారి ప్రశ్న. ఏటా వచ్చేది కాబట్టి పీరియాడికల్స్ రిజిస్టర్‌లోకి ఎక్కించాం. ఆ వంకన స్టాఫ్ ఇళ్లలో అటకల మీదున్న పాత పంచాంగాలు అడుగుతున్నాను. పెళ్లి ముహూర్తాలు రాసుకున్నవి ఇవ్వమంటున్నారు, మిగతావి వస్తున్నాయి.

ఏప్రిల్

అధిక జ్యేష్ఠం మే 17 నుంచి జూన్ 15 వరకు. ఆ నెల పెళ్లిళ్లు పెట్టుకోరు, కాబట్టి పాడే పెద్దమ్మలు, నాయనమ్మలు ఊళ్లోనే దొరుకుతారు. సెలవులకు వెళ్లేవాళ్లకు ఈసారి రెండు రకాల చీటీలు ఇచ్చాను. పసుపు రంగువి పెళ్లి పాటలకు, ఆకుపచ్చవి నాట్ల పాటలకు. ఆకుపచ్చవి జూలైలో నాట్లు పడ్డాకే నిండుతాయి కాబట్టి వాటికి గడువు ఆగస్టు 12 అని రాశాను. రికార్డింగులు కేబుల్‌తోనే తీసుకుంటాను, కుక్కర్ విజిల్ ఉన్నా సరే.